పై అపార్ట్‌మెంట్ అమ్మాయికి ఫిజిక్స్

అమెరికాలో, బెంటన్‌విల్‌లో మేమున్న అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా పైన ఒక తెలుగు కుటుంబం ఉండేది. భార్య, భర్త, హైస్కూల్ చదివే కూతురు. మేం చేరిన చలికాలంలోనే ఆవిడ పోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. పొద్దున లాండ్రీ రూమ్‌లో నాతో కబుర్లు చెప్పిన మనిషి, సాయంత్రానికి లేదు. ఆ ఊళ్లో నాతో రోజూ మాట్లాడేది ఆవిడొక్కతే.

స్కూళ్లు మళ్లీ తెరిచాక ఆయన మా తలుపు కొట్టారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మీరు ఇండియాలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవారని మా ఆవిడ అనేదండీ. పాపకి ఈ ఏడాది ఫిజిక్స్ ఉంది. ఇదివరకు లెక్కలూ అవీ వాళ్లమ్మే కూర్చోబెట్టి చేయించేది. నా వల్ల కావడం లేదు."

"రేపట్నుంచే పంపండి," అన్నాను. నాది ఉద్యోగం చేసే వీల్లేని వీసా. మా ఆయన ఆఫీస్‌కి వెళ్తే ఇంట్లో కార్ కూడా ఉండదు. పాఠం చెప్పి చాలా కాలమైంది.

పిల్ల స్కూల్ బస్ దిగి నేరుగా మా ఇంటికే వచ్చేది. మాటలు తక్కువ. సర్క్యూట్లతో మొదలుపెట్టాం. పారలల్‌లో ఉన్న రెసిస్టెన్స్‌లన్నీ చక్కగా తిరగేసి కూడేది, చివర్లో వచ్చినదాన్ని మళ్లీ తిరగెయ్యడం మర్చిపోయేది.

"ఆంటీ, ఆన్సర్ మళ్లీ తప్పు."

"ఆఖరి మెట్టు చూడు."

"ఓ..." అని కళ్లు మూసుకునేది.

ఒకరోజు ఉప్మా పెడితే సగం తిని, "అమ్మ అల్లం చాలా వేస్తుంది," అంది. ఆ పిల్ల తెలుగులో ఏ తప్పు దొర్లినా దిద్దేదాన్ని. ఆ "వేస్తుంది"ని మాత్రం దిద్దలేకపోయాను. మర్నాటి నుంచి అల్లం ఎక్కువ వేశాను.

ఎలక్ట్రిక్ ఫీల్డ్స్ దగ్గర చాలా అవస్థ పడింది. బాణం ఎటు గియ్యాలో తెలిసేది కాదు. "అక్కడ నువ్వే చిన్న పాజిటివ్ ఛార్జ్‌వి అనుకో. నిన్ను ఎటు తోస్తుంది?" అని అడిగి అడిగి గీయించాను. ఆ టెస్ట్‌లో A గ్రేడ్ వచ్చింది. బస్ దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది, ఒక చేతిలో పేపర్, ఇంకో చేతిలో ఫోన్. గుమ్మంలోనే ఏదో నంబర్ నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. నాక్కూడా వినిపించింది, వాళ్లమ్మ గొంతు. ఇప్పుడు ఫోన్ ఎత్తలేను, మెసేజ్ పెట్టండి అంటోంది.

పిల్ల అలాగే నిలబడిపోయింది. నేనే ఫోన్ తీసుకుని ఆపేశాను.

"మర్చిపోయాను ఆంటీ. ఊరికే... చెప్దామని."

"ఆ నంబర్ ఇంకా ఉందా అమ్మా?"

"నాన్న తీయలేదు. ఆయన కూడా చేస్తారు. బాత్‌రూమ్‌లో ట్యాప్ ఆన్ చేసి. నాకు తెలీదనుకుంటారు."

అప్పుడేడ్చింది. ఆ ఇంట్లో ఎవరికి వాళ్లు దాచుకుంటున్న ఏడుపంతా నా గుమ్మంలో ఏడ్చింది. దగ్గరికి తీసుకున్నాను. వీపు నిమురుతూ ఉండిపోయాను. చాలాసేపటికి తనే వెళ్లి మొహం కడుక్కుని పుస్తకం తెరిచింది.

మేం ఆర్బిట్స్ మొదలుపెట్టిన వారంలోనే వాళ్ల నాన్న ప్రాజెక్ట్ అయిపోయింది. "ఎక్స్‌టెన్షన్ ఇవ్వలేదండీ. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇంకోటి దొరికింది, వెంటనే జాయిన్ అవ్వమంటున్నారు," అన్నారు.

వెళ్లే రోజు ఆయన సామాను ఎక్కిస్తుంటే పిల్ల పుస్తకం పట్టుకుని కిందికొచ్చింది.

"శాటిలైట్ మాస్ ఇవ్వలేదు ఆంటీ. ప్రాబ్లమే తప్పేమో."

"తప్పు కాదు. సమీకరణం రాయి, అటూ ఇటూ అదే ఉంటుంది. కొట్టేయ్."

రాసింది, కొట్టేసింది. వేగం కట్టేలోపే పార్కింగ్‌లోంచి వాళ్ల నాన్న పిలిచారు. "ఫోన్‌లో చెప్తా," అన్నాను. తలూపింది.

రెండు మూడుసార్లు చేసింది. అక్కడ వేరే పుస్తకమట, ట్యూషన్ కూడా కుదిరిందట. తర్వాత చేయలేదు. పిల్లలు అంతేలే అనుకున్నాను గానీ, స్కూల్ బస్ వచ్చే వేళకి ఏ పనీ సాగేది కాదు.

తెలిసినవాళ్లు తమ అబ్బాయికి చెప్పమని అడిగారు. ఒప్పుకోలేదు.

"ఇంట్లో కూర్చుని దిగులుపడే బదులు చెప్పొచ్చుగా," అన్నాడు మా ఆయన.

"ఆ అబ్బాయి వాళ్ల నాన్నకి మాత్రం ప్రాజెక్ట్ ఎన్నాళ్లుంటుంది?" అన్నాను.

మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన ప్రాజెక్ట్ కూడా ఆ వేసవి దాకానే.