పొర ముదిరేదాకా

చిత్తూరులో కళ్లద్దాల కొట్టతను తెల్లకోటు వేసుకుని కూర్చుంటాడు. అది చూసి అతణ్ణి డాక్టరనుకున్నాను. పైగా పైసా తీసుకోకుండా కన్ను చూస్తాడు. అందుకని ఆసుపత్రి గడప తొక్కకుండా మూడేళ్లు అతని దగ్గరికే పోయాను.

ఎడమ కన్ను మసకేసినప్పుడల్లా అద్దాలు మార్చి, "పొర ఇంకా ముదరలేదవ్వా. ముదిరినాక ఆపరేషన్ చేయించుకుందువులే" అనేవాడు. మా బంగారుపాళ్యం మామిడి తోటల్లో ముదరని కాయను ఎవరూ కోయరు. ఆ మాట నాకు సబబుగానే తోచింది.

పోయిన వేసవిలో ఆ కన్ను ఎర్రబడి, తల పగిలేంత నొప్పి లేచింది. కోడలు ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ లైటు వేసి చూసి కోప్పడింది.

"ఇంత ముదరబెట్టుకోమని ఎవరు చెప్పినారమ్మా? పొర ఉబ్బి, కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినింది. ఈ కంటికి ఇంక చూపు రాదు."

కుడి కంటి పొర మాత్రం ముదరకముందే తీయించుకున్నాను. ఆ కన్ను నెమ్మదించగానే నేరుగా కొట్టుకు పోయాను.

"రా అవ్వా, కొత్త అద్దాలా?" అన్నాడు నవ్వుతూ.

"నా ఎడమ కన్ను యాడ్రా?"

సంగతి విని మొహం తిప్పుకున్నాడు. "నేనేమన్నా డాక్టర్నా? నన్నెవరు నమ్మమనిరి?"

"అట్లయితే ఆ కోటు ఇప్పు."

విప్పలేదు.

ఇప్పుడు చిత్తూరు పోయినప్పుడల్లా బస్సు వేళదాకా అతని కొట్టు ముందరి బెంచీ మీదే కూర్చుంటాను. ముసలివాళ్లెవరు మెట్టెక్కినా నా ఎడమ కన్ను చూపించి ఆసుపత్రికి పొమ్మంటాను.

"నా యాపారం చెడగొడతాండావు, లెయ్ అవ్వా" అంటాడు.

నేను లేవను.