తెర తిప్పే మేడం

కరీంనగర్‌లో మా యూనివర్సిటీ ఆఫీసులో ఒక మేడం ఉండేది. ఆమె పేరు నేనెన్నడూ అడగలేదు. ఎవరు ఏ సమస్యతో వచ్చినా ముందు తన కంప్యూటర్ తెరను వాళ్ల వైపు తిప్పేది. "గిటు జూడు బిడ్డా, గీడ ఆగింది" అనేది. మిగతా కౌంటర్లలో మనకు కనిపించేది తెర వీపే. అవతల మన బతుకు ఏమవుతోందో వాళ్లకే ఎరుక.

ఎమ్మే క్లాసుల రిజిస్ట్రేషన్‌కు ఆఖరి రోజున నాదీ ఆధార్ ఓటీపీ దగ్గర ఆగింది. మా ఇంట్లో అందరి ఆధార్‌లకూ బాపు ఫోన్ నంబరే ఇచ్చుకున్నాం. ఆ ఫోన్ ఇప్పుడు బాపుతో దుబాయిలో ఉంది. ఓటీపీ దానికే పోతుంది. పనిలో ఉన్నప్పుడు ఆయన ఫోన్ ముట్టడు, అన్నం వేళకే తీస్తాడు.

"ఫికర్ జెయ్యకు. మీ బాపు ఫోన్ దీసేదాక గీడనే కూసుందం" అని మేడం తన టిఫిన్ డబ్బా పక్కకు జరిపింది.

మధ్యాహ్నం బాపు ఇమో యాప్‌లో వీడియో కాల్ చేశాడు. ఓటీపీ రాగానే అంకెలు చదివాడు, మేడం టైప్ చేసింది. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

నేను ఫోన్ పెట్టెయ్యబోతే మేడం ఆపింది. తెరను నా ఫోన్ ముందుకు తిప్పింది. "అన్నా, జూడు, నీ బిడ్డ పేరు."

బాపు తన ఫోన్ మీదికి వంగి చూశాడు. "దాని కింద నా పేరేనా, మేడం?"

"నీదే అన్నా."

"జరంతసేపు గట్లనే ఉంచుండ్రి."

ఆయన కాల్ కట్ చేసేదాకా మేడం తెరను తన వైపు తిప్పుకోలేదు. డబ్బా మూత కూడా తియ్యలేదు.