షుగర్ టెస్టుకు ప్రిపేరై వచ్చారు

2023 మార్చి. విజయవాడ నుంచి గుడివాడ వెళ్ళే దారిలో ఉన్న ఒక రొయ్యల మేత ఫ్యాక్టరీలో నేను నర్సుని. పటమట నుంచి రోజూ కంపెనీ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఆ నెలలోనే నా పేరు పక్కన ‘వెల్‌నెస్ కోఆర్డినేటర్’ అనే హోదా కూడా వచ్చి చేరింది. జీతం మాత్రం పాత హోదాకే అలవాటు పడి అక్కడే ఉండిపోయింది. ఉద్యోగుల ఆరోగ్యం కోసం కంపెనీ ఏడాది పొడవునా నడిపే కార్యక్రమమే వెల్‌నెస్ ప్రోగ్రామ్. “మెట్లెక్కండి, గుండెను కాపాడుకోండి” అని ఆఫీసు మెట్ల దగ్గర పోస్టరు అంటించి, ఆయాసం తీర్చుకోవడానికి నేను లిఫ్టు కోసం నిలబడితే అందరూ చూశారు.

ప్రోగ్రాములో మొదటి మెట్టు హెల్త్ క్యాంపు. బరువు, బీపీ, ఫాస్టింగ్ షుగర్ చూస్తారు. ఫాస్టింగ్ అంటే రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పొద్దున్నే ఇచ్చే రక్తపరీక్ష. పేర్లిమ్మంటే ఒక్కరూ ముందుకు రాలేదు. కారణం క్యాంటీన్‌లో తెలిసింది. నేను చేరకముందు కళ్ళ పరీక్ష పెట్టారట. చూపు తగ్గిందని తేలిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్‌ని మర్నాడే ప్యాకింగ్‌లోకి మార్చేశారట. అప్పట్నుంచీ మావాళ్ళ దృష్టిలో అది వెల్‌నెస్ కాదు, ‘వెళ్ళు’నెస్.

జనం రావట్లేదని హెచ్‌ఆర్ మేనేజర్ శ్రీధర్ గారు ఒక ఉపాయం చేశారు. అందరూ రావాల్సిందేనని, ఆరోగ్యంలో ఫస్టొచ్చిన డిపార్ట్‌మెంట్‌కి షీల్డు ఇస్తామని నోటీసు పెట్టించారు. దాంతో క్యాంపు కాస్తా పరీక్షగా మారిపోయింది. మాది కోచింగ్ కాలేజీల గడ్డ. పరీక్ష అన్నాక ప్రిపేరవకుండా ఎలా వస్తాం?

క్యాంపు రోజు ల్యాబ్ వాళ్ళ వ్యాను బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఖాళీ కడుపులతో క్యూ పెరుగుతోంది. అందులో బాయిలర్ ఆపరేటర్ సుందరరావు గారు కనిపించారు. మేత గుళికలు తయారవ్వాలంటే ఆవిరి కావాలి, ఆవిరి కావాలంటే ఆయన ఉండాలి. ఆయనకి షుగర్ ఉందని నాకు తెలుసు, బిళ్ళలు వాడుతున్నారు.

“ఏంటండీ, మొహం అలా పీక్కుపోయింది?”

“బ్రహ్మాండంగా ఉన్నా సిస్టరూ. ఆ షీల్డు మా బాయిలర్‌దే, చూస్కోండి.”

“అంత నమ్మకమా?”

“ప్రిపరేషనండీ,” అని నవ్వారు. “డ్యూటీ టైమైంది. వ్యాను రాగానే కబురెట్టండి, వచ్చి ఇచ్చేస్తా.”

ఆయన వెళ్ళాక, ఆ ప్రిపరేషన్ ఏమిటని వెనకే ఉన్న స్టోర్స్ ఆయన్ని సరదాగా అడిగాను.

“రాత్రి కాకరకాయ రసం, తెల్లారి మెంతుల నీళ్ళు, బిళ్ళ వేసుకునేవాళ్ళు ఒకటికి రెండు. వాట్సాప్ గ్రూపులో పెట్టారుగా సిస్టర్!”

రెట్టింపు బిళ్ళ వేసుకుని ఏమీ తినకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. దాన్ని హైపో అంటాం. ముందు మాట తడబడుతుంది, తర్వాత స్పృహ పోతుంది, ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు. బిళ్ళలు వేసుకున్నవాళ్ళందరికీ వెంటనే ఇడ్లీలు పెట్టమని క్యాంటీన్‌కి చెప్పి, కిట్టు పట్టుకుని బాయిలర్ వైపు పరుగెత్తాను. నేను పరుగెత్తడం చూసినవాళ్ళు ఫ్యాక్టరీ అంటుకుందనే అనుకున్నారట. ఆ కంగారులో శ్రీధర్ గారూ నా వెనకే వచ్చారు.

హైపోకి గుర్తు చెమట. బాయిలర్ గదిలో చెమట పట్టనిదెవరికి? అందుకే ఎవరూ గమనించలేదు. సుందరరావు గారు స్టూలు మీద కూర్చుని గేజ్ గ్లాసు కేసి చూస్తున్నారు. బాయిలర్‌లో నీళ్ళెంత ఉన్నాయో చూపే గాజు గొట్టం అది. నీటిమట్టం అడుగు గీత దగ్గరకి జారుతోంది, అది దాటితే బాయిలరే పేలొచ్చు. ఆయన చూస్తున్నారే గాని కదలడం లేదు. చెయ్యి పట్టుకున్నాను. ఆ వేడిలో ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది.

“సుందరరావు గారూ, నీళ్ళు తగ్గుతున్నాయండీ!”

“వ్యాను... వచ్చిందా?”

నా కేకకి రెండో ఆపరేటర్ నాగేశ్వరరావు పక్క గదిలోంచి వచ్చి పంపు వేశాడు. “ఇది నేను చూసుకుంటా, ఆయన్ని చూడండి సిస్టర్!” గ్లూకోమీటర్‌తో, అంటే వేలి చుక్కతో షుగర్ చూపే చేతి మిషన్‌తో చూస్తే నలభై రెండు. డెబ్బై దాటి ఉండాలి.

గ్లూకోజు కలిపి నోటి దగ్గర పెట్టాను. ఆయన గ్లాసు తోసేశారు.

“తీపా? వద్దొద్దు! టెస్టింకా ఇవ్వలేదు. రీడింగ్ పెరిగిపోద్ది.”

“టెస్టు లేదండీ, తాగండి!”

“ప్యాకింగ్‌కి మార్చేస్తారు... నే తాగను.” పెదాలు బిగించేశారు. కళ్ళు మూతలు పడుతున్నాయి. మింగే శక్తి ఉన్నంతసేపే నోటితో ఇవ్వగలం. స్పృహ తప్పాక పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆగే వీల్లేదు. నా మాట పనిచెయ్యడం లేదు. ఆయన భయపడేది నాకు కాదు, హెచ్‌ఆర్‌కి.

“సార్, మీరు చెప్పండి. రిపోర్టు అడగనని చెప్పండి.”

శ్రీధర్ గారు నసిగారు. “ఎండీ గారికి లిస్టు ఇస్తానని...”

“సార్!”

ఆయన ఆ మసిలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. “సుందరరావు గారూ, నేను శ్రీధర్‌ని. మీ రిపోర్టు మీ చేతికే వస్తుంది. నేను చూడను, ఎవరికీ ఇవ్వను. మీ బాయిలర్ మీదే. తాగండి, ప్లీజ్.”

పెదాలు విడివడ్డాయి. సగం చొక్కా మీద, సగం గొంతులో. ఇంకో గ్లాసు. మళ్ళీ గుచ్చితే అరవై ఎనిమిది. అంబులెన్స్ రాగానే ఆయన్ని ఎక్కించాం. ఆ బిళ్ళల ప్రభావం తగ్గినట్టే తగ్గి షుగర్‌ని మళ్ళీ కిందికి లాగుతుంది కాబట్టి ఆస్పత్రిలో ఉంచారు. డాక్టరు బిళ్ళ మార్చి, తిన్నాకే డ్యూటీ ఎక్కాలని షరతు పెట్టి, కొన్నాళ్ళ తర్వాత ఫిట్ అని రాసిచ్చారు. ఆయన తిరిగి బాయిలర్‌కే వెళ్ళారు.

ఆ రోజు మిగతావాళ్ళ టెస్టులు వ్యాను వచ్చాక జరిగాయి గాని, షీల్డు రద్దయింది. మాటిచ్చిన శ్రీధర్ గారే ఎండీ గారిని ఒప్పించారు. ఇక రిపోర్టు ఎవరిది వారి చేతికే. తర్వాతి క్యాంపుకి అందరికన్నా ముందు నిలబడింది సుందరరావు గారే. “ఈసారి మంచినీళ్ళే తాగి వచ్చా సిస్టరూ. ఫెయిలైనా పర్లేదు!”

పేర్లు లేకుండా మొత్తం సగటు చూసి శ్రీధర్ గారు కంగారుపడుతూ నా గదికొచ్చారు. “ఏంటి సిస్టర్, ప్రోగ్రాము పెట్టాక షుగర్లు పెరిగాయి?”

“పెరగలేదు సార్. బయటికొచ్చాయి.”

రోగానికి మందివ్వడం నర్సింగ్‌లోనే నేర్చుకున్నాను. భయపడేవాడి నోరు తెరుచుకోదని, మందు ఆ నోటి దాకా వెళ్ళి ఆగిపోతుందని మాత్రం ఆ బాయిలర్ గదిలో నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ క్యాంపు పెట్టినా, ఆ రిపోర్టు ఎవరు చూస్తారో ముందు చెప్పి, తర్వాతే సూది తీస్తాను.

శ్రీధర్ గారు వెళ్ళబోయి ఆగారు. రెండు క్యాంపుల్లోనూ టెస్టు ఇవ్వనిది ఆయనొక్కరే. అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరగా వేసి, వేలు చాపారు.