తొట్టి కారు మేత

మేనమామ కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్లయ్యాక కూడా ఆయన్ని బావ అనే పిలిచేదాన్ని. ఒకచోట కుదురుగా కూర్చోవడం బావకు చేతకాదు. అన్నం తింటూ తింటూ లేచి వాకిట్లోకి వెళ్లొచ్చేవాడు. డిగ్రీ చదువుతుండగా మామయ్య పోవడంతో నిజామాబాద్ హాస్టలు ఖాళీ చేసి బాన్సువాడ వచ్చేశాడు. బీర్కూర్ దారిలో ఉన్న వరి, చెరుకు పొలాలు ఆయన మీద పడ్డాయి. పని బాగానే చేసేవాడు. కానీ పొలం గట్టు మీద నిలబడ్డా చూపు మాత్రం రోడ్డు మీదే ఉండేది.

తొంభైల మధ్యలో భూమి కేసు పని మీద వకీలును కలవడానికి హైదరాబాద్ వెళ్లాడు. వకీలు ఇంకా రాలేదంటే పక్క సందుల్లో తిరగడం మొదలుపెట్టాడట. ఒక పాత బంగళా గేటు సందులోంచి ఆ కారు కనిపించింది. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, చువ్వల చక్రాలు, పైన రేకు కప్పు లేదు, మడిచే గుడ్డ కప్పే. ఎప్పుడో ఓడలో వచ్చిన పందెపు కారు. ఆ ఇల్లు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు, ఇంటి పెద్దావిడ సామానంతా అమ్మేస్తోంది. బావ జేబులో చెరుకు బిల్లు డబ్బులున్నాయి. సాయంత్రానికి బేరం కుదిరింది. వకీలును కలవనేలేదు.

కారు లారీలో వచ్చింది. కాలువ కట్ట ఎత్తుగా ఉన్నచోట లారీని ఆనించి, పలకలు వేసి దింపారు. పైన తెరిచి తొట్టిలా ఉన్న దాన్ని చూసి పిల్లలు "తొట్టి కారు, తొట్టి కారు" అని వెంటపడ్డారు. ఆ పేరే ఉండిపోయింది. మా అత్తమ్మ కొంగు నడుముకు చుట్టుకుని దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఏందిరా గిది? ఇద్దరే కూసుంటరా? మరి నేనేడ కూసోవాలె?"

"నువ్వు బస్సుల పోదువు గనీ అమ్మా."

"దీనికి మేతేంది?"

"పెట్రోలు."

"మేతేస్తే బర్రె పాలిస్తది. గిదేమిస్తది?"

బావ నవ్వాడు. నేనూ నవ్వాను. పెట్రోలు దాని మేతలో చిన్న భాగమని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

కోటగిరి వైపు కాలువ కింద సేద్యం చేసుకునే ఒక కోస్తా రైతు బావకు స్నేహితుడు. వాళ్ల నాన్న హయాంలో ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబం. మోటార్లు, ట్రాక్టర్లు విప్పి చూడ్డమంటే ఆయనకు సరదా. బావ ఆయన్ని అన్నా అనేవాడు, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. బానెట్టు ఎత్తి చాలాసేపు చూసి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"బండి బంగారంలా ఉంది తమ్ముడూ. కాకపోతే దీని సామాను ఇక్కడ దొరకదు. దొరికిందే పెట్టి నడిపిద్దాం. ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లు."

అలాగే నడిపించారు. ఆ కొలత టైర్లు ఎక్కడా లేవు. పాతవాటికే నిజామాబాద్‌లో కొత్త రబ్బరు ఎక్కించారు, ఎండాకాలం అది పొరలు పొరలుగా లేచిపోయింది. నీళ్ల పంపు పోతే వ్యవసాయ మోటారుది అరగదీసి బిగించారు, రెండు నెలలకు అది ఫ్యాన్‌ను కూడా విరగ్గొట్టింది. చెరుకు గడలు ఇంటికొచ్చే కాలంలో ఎలుకలూ వచ్చేవి, వైర్లు కొరికి పెట్టేవి. పై కప్పు గుడ్డ చిరిగిపోతే ట్రాక్టరు సీట్లు కుట్టేవాడితో టార్పాలిన్‌ది కుట్టించాం. చినుకు పడితే అది సరిగ్గా సీట్ల మీదికే కారేది. ఆర్టీవో ఆఫీసులో కాగితాల రెన్యువల్‌కు తిరిగిన బస్సు చార్జీలు వేరు. మేడ మీద ఒక గది వేసుకుందామనుకున్నాం. ప్రతి ఏడూ పంట చేతికొచ్చాక ఆ మాట లేచేది, కారు గ్యారేజీలో పడ్డాక అణిగేది.

డబ్బు పోవడం ఒక ఎత్తు. అసలు ఖర్చు మనశ్శాంతి. సామాను కోసం ఎదురుచూస్తూ కారు కొట్టంలో పడి ఉన్న రోజుల్లో బావ మనిషి కాదు. కూలీల మీద కసురుకునేవాడు. పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కి, పాత ఇనుప సామాను దుకాణాలన్నీ తిరిగి, సాయంత్రానికి ఖాళీ చేతులతో వచ్చేవాడు. తీరా బాగయ్యాక మళ్లీ ఎప్పుడు ఆగుతుందోనని ఇద్దరికీ గుబులు. ఆ ఇంజన్‌కు రెండు కార్బురేటర్లుండేవి. రెండూ ఒకే తీరుగా గాలి పీల్చాలి. ఒక రబ్బరు గొట్టం చివర చెవికి పెట్టుకుని, రెండో చివర ఒక్కోదాని దగ్గర పెట్టి వింటూ మరలు తిప్పాలి. బావకు అంత ఓపికేది? గొట్టం నా చేతికొచ్చింది. అప్పట్నుంచి నాకూ నెమ్మది పోయింది. పప్పు కుక్కరు కూత పెట్టినా కారుకేదో అయిందని ఉలిక్కిపడేదాన్ని.

కానీ అది నడిచిన ఉదయాలున్నాయి. తెల్లవారగానే టీ తాగి బయలుదేరేవాళ్లం. రోడ్డుకు రెండు జానల ఎత్తులో కూర్చుంటాం కాబట్టి వరి కంకులు మొహం పక్కనుంచే పోయేవి. మంజీర వంతెన మీదికి ఎక్కేసరికి చల్లగాలి కొట్టేది. పాల క్యాన్లు కట్టుకుని పోయే మోటారుసైకిళ్లవాళ్లు పక్కకు తప్పుకుని నవ్వేవాళ్లు. ఆ కాసేపు బావ ఎక్కడికీ చూసేవాడు కాదు, ముందుకు తప్ప. మా పాప పుట్టాక అది నా ఒళ్లో కూర్చుని గాలికి నోరు తెరిచేది.

ఒక చలికాలం పొద్దున బ్యాటరీ పడిపోయింది. అలాంటప్పుడు ముందువైపు ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పాలి. బావ తొందరగా ఒక్క ఊపు ఊపాడు. ఇంజన్ వెనక్కి తన్నింది. హ్యాండిల్ గిర్రున తిరిగొచ్చి మణికట్టును కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు గడపలో ఉన్న నాకు వినబడింది. "ఏం కాలే, ఏం కాలే" అంటూనే బావ నేల మీద కూలబడ్డాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయి కట్టు వేయించుకొచ్చాం. ఇంటికి రాగానే ఆయన అన్న మొదటి మాట ఇది.

"ఇంజన్ నిలవెడితే పాడైతది. అప్పుడప్పుడన్న తిరగాలె. నువ్వు నడుపు."

"నేనా?"

"మరెవరు? అమ్మ నడుపుతదా?"

కోత అయిపోయిన మా పొలంలో నేర్చుకున్నాను. పక్కన అన్న కూర్చున్నాడు. గట్టు మీద నుంచి బావ ఒంటిచేత్తో గాలిని గుద్దుతూ "క్లచ్చు! క్లచ్చు!" అని అరిచాడు. మొదటివారం దాన్ని దుక్కిలో ఎన్నోసార్లు ఆపేశాను. తర్వాత పొలం బాట, ఆ తర్వాత రోడ్డు. ఒక్కదాన్నే బీర్కూర్ దాకా వెళ్లి వచ్చిన రోజు ఇంటికొచ్చాక చాలాసేపు కూర్చోలేకపోయాను. ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చాను. బావ ఇన్నాళ్లూ దేనికోసం అల్లాడుతున్నాడో అప్పటిదాకా నాకు మాటల్లోనే తెలుసు. అది ఆ రోజు నా కాళ్లలోకి వచ్చింది.

బజారులో ఒక పెద్దమనిషి బావను ఆపి అడిగాడట. "ఏం పటేలా, మీ ఇంట్ల ఆడోళ్లు బండి నడుపుతుండ్రంట?"

"నడుపుతుండ్రు. నీకేమన్న ఫికరా?" అన్నాడట బావ. ఇంటికొచ్చి నాకు చెబుతూ మురిసిపోయాడు.

ఆ మురిపెం కట్టు విప్పేదాకానే. ఆ తర్వాత తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలన్నది రోజూ పేచీ అయింది. నేను నడిపితే ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కేవాడు.

"ముంగట బర్రె ఉన్నది."

"నాకు కనవడుతున్నది బావా."

"కనవడితే మెల్లగ పో."

"నువ్వు మెల్లగ పోయిననాడు నేను పోత."

రెండువేల సంవత్సరం దాటాక వానలు వెనకబట్టాయి. నిజాంసాగర్‌లో నీళ్లు అడుగంటి, యాసంగి పంటకు కాలువ వదలలేదు. అలాంటి ఒక ఎండాకాలంలో పెద్ద కొడప్‌గల్ దగ్గర ఒక ఊళ్లో చుట్టాల పెళ్లి. పాపను అత్తమ్మ బస్సులో తీసుకుపోయింది. మేమిద్దరం కారులో బయలుదేరాం. బావ నడుపుతున్నాడు. సగం దారిలో కాలిన వాసన వచ్చింది.

"బావా, ఆపు. ఇంజన్ కాలుతున్నది."

"గింత దూరమే ఉన్నది. పోయినంక చూద్దాం."

"వేడి ముల్లు పైకి పోయింది, ఆపు!"

ఆవిరి మొహాలకు కొట్టేదాకా ఆపలేదు. రోడ్డు పక్కన ఒక్క చెట్టు లేదు. చల్లారనివ్వమని చెప్పాను. బావ అటూ ఇటూ నడిచాడు, వాచీ చూసుకున్నాడు. దూరంగా ఒక బోరు దగ్గర ఎవరో బట్టలు ఉతుకుతుంటే పోయి బకెట్టు నీళ్లు అడిగి తెచ్చాడు. "ఇప్పుడే పొయ్యకు" అంటూనే ఉన్నాను, పోసేశాడు. లోపల టక్కుమని ఒక చప్పుడు. తర్వాత నీళ్లు కిందినుంచి రోడ్డు మీదికి కారడం మొదలైంది. బావ ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడిపోయాడు. ఎంతసేపయినా ఆయన కదలకపోవడం నేను చూసింది అదే మొదలు. కారు పాడైనదానికంటే నాకు అదే ఎక్కువ భయమేసింది.

పెళ్లికి చేరలేదు. అటుగా వచ్చిన ట్రాక్టరుకు తాడు కట్టి వెనక్కి లాగించుకొచ్చాం. కారులో స్టీరింగు నేను పట్టుకున్నాను. బావ ట్రాక్టరు మీద నిలబడి, ఊరొచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

అన్న వచ్చి పగులు మీద వేలు పెట్టి చూశాడు. "పోత ఇనుము తమ్ముడూ. అతుకేసినా నిలవదు. ఇంజన్ దిమ్మే మార్చాలి. బొంబాయిలో దొరుకుతుందేమో గానీ, ఆ ధర మనం పెట్టలేం."

చుట్టుపక్కల అందరూ బోర్లు వేయిస్తున్నారు. మాకూ బోరు వేయక తప్పదు. ఉన్న డబ్బు ఒక పనికే వస్తుంది. ఒక మధ్యాహ్నం వాకిట్లో తిరుగుతూ తిరుగుతూ బావ ఆగాడు.

"కాలువ పక్కన ఎకరం ఉన్నది గదా. అది అమ్మేస్తే ఇంజనొస్తది."

"నీళ్లొచ్చేనాటికి పొలమే లేకపోతే?"

"నాకు ఊపిరాడుతలేదే. గీ ఇల్లు, గా పొలం, మల్ల గీ ఇల్లు. నీకు సమజ్ కాదు."

నాకు ఒళ్లు మండింది. "నాకు సమజ్ కాదా? నేను నడపలేదా? దానిల కూసోని వంతెన దాటినంక వెనక్కి రావాలంటే నాకేమన్న మనసైతుండెనా? ఒక్కనాడన్న అడిగినవా?"

బావ నా మొహంలోకి చూశాడు.

"బండి అమ్ముదాం" అన్నాను. "నాకు గూడ మనసొస్తలేదు. అయినా అమ్ముదాం."

అత్తమ్మ చాట పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్లిపోయింది. గెలిచినట్టు ఒక్క మాట కూడా అనలేదు. మరునాడు బావ పొద్దున్నే బస్టాండుకు పోయి, ఎక్కడెక్కడ తిరిగాడో సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుంటూ అన్నాడు. "నువ్వే మాట్లాడు. కొననీకి వచ్చినోని ముంగట నేను నిలవడలేను."

దెగ్లూర్‌లో అన్నకు తెలిసిన పాత సామాను వ్యాపారి ఉన్నాడు. ఆయన ద్వారా పుణె నుంచి ఒక మనిషి వచ్చాడు. అలాంటి కార్లు పోగుచేసేవాడు. మరాఠీ కలిసిన హిందీ, తెల్ల చొక్కా. ఆ చొక్కాతోనే కారు కింద మట్టిలో వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూశాడు. పగులు చూసి పెదవి విరిచాడు. టార్పాలిన్ కప్పు చూసి తల పట్టుకున్నాడు. విప్పి పారేసిన అసలు భాగాలేమైనా ఉన్నాయా అని అడిగాడు.

ఉన్నాయి. ఏదీ పారేయడానికి చేతులు రాక, అరిగినవీ విరిగినవీ అన్నీ గోనెసంచిలో వేసి ఎరువుల బస్తాల వెనక దాచిపెట్టుకుంటూ వచ్చాను. పాత పంపు, విరిగిన ఫ్యాను, చక్రాల చువ్వలు, అద్దం చట్రం, చిరిగిన పాత కప్పు గుడ్డ. సంచి కుమ్మరించగానే ఆ మనిషి మొహం మారిపోయింది. నేల మీద కూర్చుని ఒక్కో ముక్కా తుడిచి పక్కన పెట్టుకున్నాడు. సంచితో కలిపి ఒక ధర అడిగాను. కొంచెం తగ్గించి ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లూ మేం పెట్టినదాంట్లో అది ఎన్నో వంతో లెక్క వేసుకోలేదు.

లారీ వచ్చిన పొద్దున బావ పొలానికి వెళ్లిపోయాడు. నేను ఉన్నాను. లారీ మలుపు తిరిగాక ఇంట్లోకి రావాలనిపించలేదు, కాలువ దాకా నడిచి వచ్చాను. కాలువ ఎండిపోయి ఉంది.

ఆ డబ్బుతో బోరు వేశాం. నీళ్లు మరీ ఎక్కువ పడలేదు, మడి తడిసేంత పడ్డాయి. బావ ఏడాది దాకా తేరుకోలేదు. తర్వాత అన్న ఒకరోజు వరి కోసే మిషన్ గురించి చెప్పాడు. ఇద్దరూ కలిసి పాతది ఒకటి తెచ్చారు. కోతల కాలం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి జరుగుతూ పోతుంది, మిషనూ దాని వెంటే పోతుంది. బావ దానితోపాటు పోవడం మొదలుపెట్టాడు. దుమ్ముతో నల్లబడి, గొంతు బొంగురుపోయి, నాలుగు జిల్లాల కబుర్లతో ఇంటికొచ్చేవాడు. దానికీ బెల్టులు తెగేవి, బేరింగులు పోయేవి. ఫోన్‌లో చెప్పి తిట్టుకునేవాడు. గొంతులో మాత్రం హుషారుండేది.

ఇంట్లో ఉండిపోయింది నేను. మిషన్ డబ్బులతో సెకండ్‌హ్యాండ్‌లో ఒక మామూలు తెల్లకారు కొనిపించాను, లైసెన్సు తీసుకున్నాను. పాప స్కూలు, విత్తనాల దుకాణం, బ్యాంకు, అన్నీ నేనే చూసుకుంటాను. అవన్నీ అయ్యాక కూడా కొన్ని సాయంత్రాలు కాలు నిలవదు. తాళంచెవి తీసుకుని కోటగిరి దాకా పోయి వస్తాను.

"ఏడికి పోయినవే?" అని అత్తమ్మ అడుగుతుంది.

"ఊకెనే పోయిన" అంటాను.

ఆమె కంచం కడిగి నా ముందు పెడుతుంది.