వారమైనా పెరగని మచ్చలు

ఈ రోజు మిర్యాలగూడ పురుగుమందుల షాపులో మా సైదులు బాబాయి కనిపించాడు. చేతి కవర్లో వరి ఆకులు, వాటినిండా ఆవగింజంత మచ్చలు. అగ్గితెగులని షాపాయన అప్పటికే మూడు మందులు తీసిపెట్టాడు.

"పక్క మడోళ్లు కొట్టిన్రు, నేను కొట్టకుంటె ఎట్ల?" అన్నాడు బాబాయి.

ఒళ్లు మండింది. గోధుమ జన్యువుల మీద పరిశోధన చేస్తున్న మా అమ్మాయికి ఫొటో పంపి, ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను.

"మచ్చలు పెరుగుతున్నయా, తాతా?" అని అడిగింది.

"లేదు బిడ్డా, వారం సంది గిట్లనే ఉన్నయి."

"అయితే ఆగు. తెగులు సొచ్చిన జాగను మొక్కే సంపేసి, ముందుకు పోనిస్తలేదు. గోధుమలో మేం సూసేది గిదే. నాలుగు రోజులు సూడు, పెరిగితే కొట్టు."

బాబాయి మందులు వెనక్కి తోశాడు.

"మొక్కకే గంత తెలివుంటె మేమెందుకు సార్?" అన్నాడు షాపాయన నాతో.

ఇన్ని మందుల షాపులెందుకని ఇరవై ఏళ్లుగా నేను అడుగుతున్నదీ అదే! జవాబు తెలిసినవాళ్లు కింద రాయండి.