ఖాళీగా వచ్చిన ఫారం

2023. చిలకలూరిపేట హైవే పక్కన ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నేను హెచ్‌ఆర్ గుమాస్తాని. ఆ ఏడు యాజమాన్యం ఈడీఐ సర్వే చెయ్యమంది. అంటే సిబ్బందిలో ఎవరెవరున్నారు, అవకాశాలు అందరికీ సమానంగా అందుతున్నాయా, అందరినీ కలుపుకుపోతున్నామా అని కొలవడం. ఇదేదో బాగుందే అని హుషారుగా దిగాను.

ఫారంలో పేరు అడగలేదు. విభాగం, ఆడా మగా, మతం, ఆ తర్వాత ప్రశ్నలు. "పేరు లేదు, భయం లేకుండా రాయండి" అని వార్డు వార్డుకీ తిరిగి చెప్పింది నేనే. ఆపరేషన్ థియేటర్‌లో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న నర్సు మస్తాన్‌బీ గారు మాత్రం ఖాళీ ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"ఏంటి సిస్టర్, తెల్లగా ఇచ్చారు? పేరు అడగలేదుగా!"

"ఓటీలో ముస్లిం ఆడమనిషిని నేనొక్కదాన్నే కదండీ. ఇంక పేరెందుకు సార్?"

నాలిక కరుచుకున్నాను. ఎంత తెలివితక్కువ పని చేశాను!

"పోనీ, ఏం రాద్దామనుకున్నారు?"

ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "గుంటూరు ట్రైనింగ్‌కి మూడేళ్ళుగా నా జూనియర్లే వెళ్తున్నారండీ. అది లేందే ఇన్‌ఛార్జి పోస్టు రాదు. రాస్తే నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కి నేనేనని తెలిసిపోదూ? నెలాఖరుకి ట్రైనింగ్‌కి మళ్ళీ పేర్లు తీసుకునేది ఆవిడే."

ఆవిడ పేరెత్తకుండా మేడమ్ దగ్గరికెళ్ళి, పేర్లు ఎలా ఎంచుతారని అడిగాను.

"అన్నాల దగ్గర అడుగుతానయ్యా. చెయ్యెత్తిన వాళ్ళని రాసుకుంటా. నేనెవర్నీ కాదనలేదే!"

అప్పుడు ఓటీ కౌంట్ షీట్లు తీశాను. ఆపరేషన్‌లో వాడిన కత్తెరలు, గాజ్ గుడ్డలు లెక్క సరిపోయాయో లేదో చూసి సంతకం పెట్టే కాయితాలవి. అన్నాల వేళ సంతకాలన్నీ మస్తాన్‌బీ గారివే. ఆవిడ లెక్క చూస్తేనే సర్జన్లకి ధైర్యం. ఆ పని ముగించుకుని ఆవిడ వచ్చేసరికి అన్నాల బల్ల దగ్గర ఎవరూ ఉండరు.

కారణం మతం కాదులే అని ఊపిరి పీల్చుకోబోయాను. మరి మూడేళ్ళపాటు ఆవిడ అక్కడ లేరని ఒక్కరికీ ఎందుకు తట్టలేదు? దానికి నా కాయితాల్లో జవాబు దొరకలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ నెల నుంచి ట్రైనింగ్ నోటీసు బోర్డు మీద పెట్టి, సీనియారిటీ ప్రకారం అడగాలని రూలు పెట్టించాను. మొదటి పేరు మస్తాన్‌బీ గారిదే. వెళ్ళే ముందు వచ్చి, "ఒక్క గాజ్ గుడ్డ తగ్గినా మేం కుట్లు వెయ్యనివ్వం సార్. మీ లెక్కలో మనిషి తగ్గినా అడగరేంటి?" అని నవ్వుతూనే చురక అంటించారు. సిగ్గేసింది.

విభాగం గడి కొట్టేసి ఫారాలు మళ్ళీ పంచాను. ఈసారి ఖాళీది ఒక్కటీ రాలేదు. వాటిలో మస్తాన్‌బీ గారిది ఏదో నాకు తెలియలేదు. అప్పుడుగానీ నాకు కొలవడం వచ్చిందనిపించలేదు.