ఫ్యూజు జేబులో, బిందె భుజాన

1986. శ్రావణం వచ్చినా ఎండలు మండిపోతున్నాయి. బూర్గంపాడులో నాది మోటార్ల రిపేరు షాపు. ఊరవతల మిరప వేసే సత్తెమ్మక్క పొద్దున్నే వచ్చి కూర్చుంది. వానల్లేక నారుమడి వాడిపోతోందట. ఆ నారు పోతే ఆ ఏడు ఆమెకు పంటే లేదు.

ఆమె బావి మీద చిన్న మోనోబ్లాక్ ఉంది, అంటే మోటారూ పంపూ ఒకే దిమ్మగా ఉండే రకం. నారు మీద జల్లులా పడాలంటే దానికి సన్నటి ప్లాస్టిక్ పైపు తగిలించాలి. నీళ్లు బయటికొచ్చే పంపు మూతి ఏమో ఇనుము, దాని మరలు అరిగిపోయి పైపు బిగియదు. పైపులు అతికించే సొల్యూషన్ పూసి చూసిందట, ఊడొచ్చిందట. ఊడదా మరి! సొల్యూషన్ ప్లాస్టిక్‌ను కరిగించి ప్లాస్టిక్‌తో కలుపుతుంది, ఇనుమును అదేం చేయగలదు? ఇక్కడికి ఎపాక్సీ కావాలి. రెజిన్, హార్డనర్ అని రెండు ముద్దలు. కలిపి పిసికి పెడితే రాయిలా గట్టిపడుతుంది, కాకపోతే తెల్లారేదాకా ఆగాలి.

బావి దగ్గర పంపు మూతికి తుప్పు గీకాను, పెట్రోలు గుడ్డతో తుడిచాను, పైపు ముక్కను గరుకు కాగితంతో రుద్ది ఎపాక్సీ పెట్టాను. చేతులు కడుక్కుందామని ఇటు తిరిగానో లేదో, అక్క స్విచ్చి వేసేసింది. పైపు ముక్క ఎగిరి గట్టున పడింది. నేను నిలువునా తడిసిపోయాను. కోపం నషాళానికి అంటింది గానీ, ఆమెను అని ఏం లాభం? మా వైపు నీళ్లు చూడందే మెకానిక్కును కదలనివ్వరు.

మళ్లీ అంతా తుడిచి, కొత్త ముద్ద కలిపి పెట్టాను. ఈసారి ముందుగానే ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను.

"ఫ్యూజు నువ్వు పట్కపోతే నా నారు ఏంగావాలె తమ్మీ?" అంది అక్క.

"రేపు పొద్దుగాల్ల తెస్తనక్కా. గిప్పుడేస్తే మళ్ల ఊడుతది."

"అట్లయితే నువ్వు గూడ ఈడనే ఉండు. నీళ్లు చూపియ్యకుండ ఎట్ల పోతవ్?" అంటూ ఓ బిందె నా చేతిలో పెట్టింది.

ఏం చేస్తాను! పొద్దుగూకేదాకా ఇద్దరం బావిలోంచి తోడి మడికి మోశాం. మోటార్ల మెకానిక్కు బిందెలు మోస్తున్నాడని దారిన పోయేవాళ్లు ఆగి మరీ నవ్వారు. నా నడుం పడిపోయింది గానీ, మడి మొత్తం తడిసింది. అప్పుడు ఇంటికి పోనిచ్చింది, నా పనిముట్ల సంచీ తన దగ్గరే పెట్టుకుని.

తెల్లారి అతికిన ముక్కకు సన్న పైపు తగిలించి, ఫ్యూజు పెట్టి స్విచ్చి ఆమెతోనే వేయించాను. అతుకు కదల్లేదు. నీళ్లు జల్లుగా లేచి నారు మీద పడుతుంటే అక్క ముఖం చూడాలి! సంచీ తెచ్చి తనే నా భుజానికి తగిలించింది.

అప్పటినుంచి జిగురు అడిగినవాళ్లను, దేనికి ఏది అతకాలో తెలుసుకున్నాక, ఎంతసేపు ఆగగలరని కూడా అడుగుతాను. ఆగలేమంటే, ఆరేదాకా బిందెలు ఎవరు మోస్తారో ముందే మాట్లాడుకుంటాను.